రాబోయే రద్దీకి ముందే రిహార్సల్

కేబుల్ ఇంకా భూమిలోకి దిగలేదు. రూటర్లు అట్టపెట్టెల్లోంచి బయటికి రాలేదు. వాడేవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆ నెట్‌వర్క్ మీద ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో, ఏ దారి ఇరుకవుతుందో ఇంజినీర్లు ముందే చూసేస్తారు. ఎలాగంటారా? ఆ రద్దీని వాళ్లే తయారుచేస్తారు! కంప్యూటర్‌లో పుట్టే ఈ ఉత్తుత్తి రద్దీ నిజమైన దానికి ఎంత దగ్గరగా ఉంటే రేపు మన చేతిలోని ఫోను అంత సాఫీగా పనిచేస్తుంది. ఆ పోలిక ఎక్కడ తప్పినా అసలు రోజున అందరికీ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

పెళ్లికి వంట ఒప్పుకొనే మేస్త్రి 'మొత్తం ఎంతమంది వస్తారు?' అన్న ప్రశ్నతో ఆగడు. 'మగపెళ్లివారి బస్సులు ఎన్నింటికి దిగుతాయి?' అనీ అడుగుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెయ్యిమంది విడివిడిగా వచ్చి తిని వెళ్లడం వేరు. తలంబ్రాలు కాగానే నాలుగు వందల మంది ఒక్కసారిగా బంతికి కూర్చోవడం వేరు. రెంటికీ లెక్క వెయ్యే, బియ్యమూ అవే. రెండోసారి మాత్రం వడ్డించే చేతులు చాలవు.

నెట్‌వర్క్ వేసేవాళ్ల చిక్కూ సరిగ్గా ఇదే. ఇంటర్ ఫలితాలు విడుదలైన నిమిషంలో, ఏసీ తత్కాల్ టికెట్లు తెరిచే పొద్దున పది గంటలకు, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో జనం ఒకేసారి మీద పడతారు. రోజు సగటు చూసి లైన్లు వేస్తే ఆ నిమిషానికి కుప్పకూలుతాయి. ఎందుకైనా మంచిదని పదింతలు వేస్తే ఆ ఖర్చు చివరికి వాడేవాళ్ల బిల్లులోకే వస్తుంది. ఎంత వేస్తే సరిపోతుందో తేలాలంటే రద్దీ ఎలా ఉంటుందో ముందే చూడాలి. కొత్త నెట్‌వర్క్‌కు పాత లెక్కలు ఉండవు. ఉన్నవాటికేమో రేపటి సంగతి తెలియదు. అందుకే కృత్రిమ రద్దీ.

కోపెన్‌హేగన్‌లో పుట్టిన లెక్క

ఈ కథకు నూరేళ్లు దాటాయి. అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త. 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చేరాడు. ఆపరేటర్లు చేత్తో తీగలు కలిపే కాలం అది. ఎన్ని లైన్లుంటే చాలు, ఎంతమంది ఆపరేటర్లు కావాలి అన్నది కంపెనీ ప్రశ్న. కాల్స్ ఎవరికి తోచినప్పుడు వాళ్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చేస్తారని ఎర్లాంగ్ 1909లో గణితంతో చూపించాడు. ఇంటర్ లెక్కల పుస్తకంలో కనిపించే పాయిజాన్ విభాజనం అక్కడ సరిగ్గా అతికింది. ఎంతమందికి లైను దొరకదో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రకటించాడు.

ఆ సూత్రం మహిమ చిన్న ఉదాహరణలో తెలుస్తుంది. ఒక ఊళ్లో గంటకు సగటున 200 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 600 నిమిషాల మాటలు. అంటే ఏ క్షణంలో చూసినా సగటున పది మంది మాట్లాడుతుంటారు. మరి పది లైన్లు చాలా? చాలవు. పది లైన్లే వేస్తే నూటికి 21 మందికి లైను దొరకదు. 18 వేస్తే దొరకనివాళ్లు నూటికి ఒక్కరికన్నా తక్కువే.

ఇంకో విశేషం ఉంది. అలాంటి పది ఊళ్లకు విడివిడిగా వేస్తే 180 లైన్లు కావాలి. పదీ కలిపి ఒకే చోటికి తెస్తే సుమారు 117 చాలు! ఒక ఊరివాళ్లు మాట్లాడుతుంటే ఇంకో ఊరివాళ్లు ఊరుకుంటారు కాబట్టి జనం పెరిగేకొద్దీ ఒడుదొడుకులు సర్దుకుంటాయి. టెలిఫోన్ ప్రపంచం దశాబ్దాల పాటు ఈ ధీమా మీదే నడిచింది. రద్దీని కొలిచే ప్రమాణానికి ఎర్లాంగ్ పేరే పెట్టారు.

న్యూజెర్సీలో బెడిసింది

తర్వాత కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. వాటి సంభాషణ ప్యాకెట్లు అనే చిన్నచిన్న ముక్కలుగా వెళ్తుంది. ఆ ముక్కలు కూడా ఫోన్ కాల్స్‌లాగే ఎవరి దారిన వాళ్లు వస్తాయని చాలామంది అనుకున్నారు. కృత్రిమ రద్దీని పాయిజాన్ లెక్కతోనే పుట్టించి, దాని మీదే పరీక్షలు చేసేవారు.

అమెరికాలోని న్యూజెర్సీలో బెల్‌కోర్ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడి విల్ లేలాండ్, డేనియల్ విల్సన్ తమ సంస్థ నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్‌నూ అతి సూక్ష్మంగా నమోదు చేశారు. 1989 ఆగస్టు నుంచి 1992 ఫిబ్రవరి దాకా పలు దఫాలుగా ఈ పని సాగింది. పోగైనవి కోట్ల ప్యాకెట్లు. వాల్టర్ విలింజర్, మురాద్ తక్కు వాళ్లతో చేరారు. నలుగురూ కలిసి 1993లో వెల్లడించిన ఫలితం ఆ రంగాన్ని కుదిపేసింది.

వాళ్లు చేసిన పని చూడ్డానికి తేలికే. ఒక పక్క అసలు రద్దీ, ఇంకో పక్క పాయిజాన్ తరహా కృత్రిమ రద్దీ. రెంటి సగటూ ఒకటే. సెకనులో నూరోవంతు చొప్పున గీస్తే రెండూ ముళ్లకంపల్లాగే కనిపిస్తాయి. తర్వాత సెకనులో పదోవంతు, ఒక సెకను, పది సెకన్లు, నూరు సెకన్లు... ఇలా కొలత పెంచుతూ పోయారు. కృత్రిమ రద్దీ క్రమంగా సర్దుకుని చివరికి చదునైన గోడలా తయారైంది. అసలు రద్దీ మాత్రం ఏ కొలతలో గీసినా కొండలూ లోయలే! దూరం నుంచి చూసినా దగ్గర నుంచి చూసినా ఒకే తీరు.

అంటే అంతకుముందు పుట్టించిన రద్దీకి సగటు తప్పలేదు, స్వభావం తప్పింది. దాన్ని నమ్మి కట్టిన నెట్‌వర్క్ కాగితం మీద నెగ్గి, వాడకంలో ఓడిపోతుంది.

రెండేళ్లకు, 1995లో, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు వెర్న్ పాక్సన్, శాలీ ఫ్లాయిడ్ ఇంకో ముడి విప్పారు. మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టే వేళలు ఎర్లాంగ్ లెక్కకు బాగానే సరిపోతాయి. పని మొదలయ్యాక పుట్టే ప్యాకెట్లే ఆ లెక్కకు లొంగవు. మనుషులు విడివిడిగానే వస్తారు. ఒక్కొక్కరి వెనకా ఒక బస్సు వస్తుంది!

నైలు నది చెప్పిన రహస్యం

ఈ వింత ప్రవర్తనకు కొలబద్ద దొరికింది నదిలో. హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1906లో ఈజిప్టు వెళ్లి జీవితమంతా నైలు నది మీదే పనిచేశాడు. మంచి ఏళ్లలో నీళ్లు దాచి చెడ్డ ఏళ్లలో వదలాలంటే జలాశయం ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఆయన ప్రశ్న. నైలు నీటిమట్టాన్ని కైరో దగ్గర కొలిచిన లెక్కలు క్రీస్తుశకం 622 నుంచీ ఉన్నాయి. వాటిని తవ్వితే ఒక సంగతి బయటపడింది. వరద ఏళ్ల పక్కనే వరద ఏళ్లు, కరవు పక్కనే కరవు. నదికి జ్ఞాపకం ఉన్నట్టుగా! కృష్ణా ఆయకట్టులో వరసగా నీళ్లు రాని ఏళ్లు చూసిన రైతుకు ఈ మాట కొత్త కాదు.

1951లో వెలువడిన ఆ పరిశోధన నుంచే 'హర్స్ట్ సంఖ్య' వచ్చింది. అది 0.5 అయితే నిన్నటికీ ఇవాళ్టికీ సంబంధం లేనట్టు. ఒకటికి దగ్గరయ్యేకొద్దీ జ్ఞాపకం ఎక్కువ. ప్రకృతిలోని రకరకాల లెక్కల్లో ఆయనకు కనిపించిన సగటు దాదాపు 0.73. బెల్‌కోర్ నెట్‌వర్క్‌లో రద్దీ ఎక్కువున్నప్పుడు అది 0.8ని కూడా దాటింది.

పోలిక అంతటితో ఆగదు. కిందికి వెళ్లే దారి ఇరుకైనప్పుడు ప్యాకెట్లు కాసేపు ఆగే జాగా ప్రతి రూటర్‌లోనూ ఉంటుంది. అదో చిన్న జలాశయమే. అది నిండితే పైనుంచి వచ్చిన ప్యాకెట్లు పారబోసినట్టే పోతాయి. వీడియో కాల్‌లో మాట తెగేది, బొమ్మ బిగుసుకుపోయేది అప్పుడే. వరద వెంట వరద వచ్చే చోట ఎంత జలాశయం కట్టాలన్న హర్స్ట్ ప్రశ్నే నెట్‌వర్క్ ఇంజినీర్ల ప్రశ్న కూడా.

రద్దీని వండేదెలా?

కంప్యూటర్లకు జ్ఞాపకం ఎక్కణ్నుంచి వచ్చింది? 1995లో విలింజర్ బృందం జవాబు చెప్పింది. ప్రతి కంప్యూటరూ కాసేపు పంపుతుంది, కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపు ఎంతన్నదే కీలకం. ఎక్కువసార్లు అది చాలా తక్కువ. ఎప్పుడో ఒకసారి మాత్రం చాంతాడంత. పంపే వాటిలో 'సరే', 'వస్తున్నా' లాంటి సందేశాలే ఎక్కువ. వాటి మధ్య ఒక్క సినిమా వచ్చిందంటే ఆ సందేశాలన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే. కొద్దిమంది దగ్గరే ఎక్కువ సంపద పోగుపడే తీరును లెక్కగట్టిన ఇటలీ ఆర్థికవేత్త పరేటో పేరుతో ఉన్న సూత్రం ఇక్కడా పనికొచ్చింది.

కృత్రిమ రద్దీకి మొదటి వంటకం అలా దొరికింది. కంప్యూటర్‌లో కొన్ని వందల ఉత్తుత్తి వినియోగదారులను సృష్టిస్తారు. ఒక్కొక్కరు ఎప్పుడు మొదలుపెడతారో ఎర్లాంగ్ లెక్కతో, ఎంతసేపు పంపుతారో పరేటో లెక్కతో నిర్ణయిస్తారు. అన్నిటినీ కూడితే బెల్‌కోర్‌లో కనిపించిన కొండలూ లోయలూ ప్రత్యక్షమవుతాయి. కావలసిన హర్స్ట్ సంఖ్య చెబితే దానికి తగ్గ రద్దీని చిటికెలో పుట్టించే గణిత పద్ధతిని పాక్సన్ 1997లో అందించాడు.

ఇది ఒక లైను సంగతి. దేశమంతా పరుచుకున్న నెట్‌వర్క్‌కైతే ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత వెళ్తుందన్నది ముఖ్యం. నూరు ఊళ్లుంటే 9,900 జతలు! ఒక్కో లైను మీద మొత్తం ఎంత వెళ్తోందో కొలవడం తేలిక. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. ఇక్కడ న్యూటన్ గురుత్వాకర్షణను అరువు తెచ్చుకున్నారు. పెద్ద ఊళ్ల మధ్య ఆకర్షణ ఎక్కువ. దేశం మొత్తం రద్దీ 100 పాళ్లు అనుకుందాం. అందులో హైదరాబాద్ నుంచి బయల్దేరేది 40 పాళ్లు, మొత్తంలో విశాఖకు చేరేది అయిదోవంతు అయితే హైదరాబాద్ నుంచి విశాఖకు వెళ్లేది 8 పాళ్లు. అమెరికాలోని ఏటీ అండ్ టీ పరిశోధకులు 2003లో ఈ పద్ధతిని మెరుగుపరిచి అసలు నెట్‌వర్క్ మీద అంచనాలు కట్టారు. కృత్రిమ రద్దీని పుట్టించడానికీ ఇది పనికొస్తుందని వారిలో ఒకరైన మాథ్యూ రఫన్ 2005లో చూపించాడు.

ఇక అసలు రిహార్సల్ మొదలవుతుంది. ఫలానా చోట జేసీబీ తవ్వి కేబుల్ తెగిందనుకో, ఏమవుతుంది? రెండేళ్లలో వాడకం రెట్టింపయిందనుకో? అందరూ ఒకే ఊరికి ఒకేసారి ఫోన్లు చేశారనుకో? నిజం నెట్‌వర్క్ మీద ఇలాంటి ప్రయోగాలు చేస్తే జనం ఊరుకోరు. ఉత్తుత్తి దాని మీద ఎన్నిసార్లు కేబుల్ కోసినా అడిగేవాళ్లు లేరు.

నకిలీ దొరికిపోయింది

అయితే పుట్టించిన రద్దీలో పుట్టించినవాళ్ల చేతి గుర్తులు మిగిలిపోతాయి. దీనికి పేరుమోసిన ఉదాహరణ నెట్‌వర్క్ ప్రణాళికలో కాదు, దాని పక్కింట్లో, నెట్‌వర్క్ భద్రతలో ఉంది. కంప్యూటర్లలోకి చొరబడే దొంగలను పట్టే సాఫ్ట్‌వేర్లను పరీక్షించడానికి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం ఎంఐటీ లింకన్ ప్రయోగశాల 1998, 1999లలో భారీగా కృత్రిమ రద్దీని తయారుచేసింది. వైమానిక దళ స్థావరంలో ఉండే నెట్‌వర్క్‌ను పోలిన ఆ డేటాలో మామూలు పనులూ, దొంగ దాడులూ కలిపారు. ప్రపంచమంతా పరిశోధకులు దాన్నే వాడారు.

ప్రతి ప్యాకెట్‌ మీదా ఒక అంకె ఉంటుంది. రూటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. ఫ్లోరిడాకు చెందిన మాథ్యూ మహోనీ, ఫిలిప్ చాన్ 2003లో ఆ అంకెలను తరచి చూశారు. మామూలు ప్యాకెట్లలో ఎక్కువగా 127, 254 ఉన్నాయి. 126, 253 కనిపించింది మాత్రం దాడుల్లోనే! దాడులు పుట్టించిన యంత్రాల అమరికలోని తేడా అలా బయటపడింది. నాటకంలో దొంగ వేషాలన్నిటికీ ఒకే రంగు చెప్పులు తొడిగినట్టు. చెప్పులు చూసి దొంగను పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ పరీక్షలో మంచి మార్కులొస్తాయి. బజారులో అసలు దొంగ ఎదురైతే మాత్రం గుర్తుపట్టలేదు.

పాఠం ప్రణాళిక వేసేవాళ్లకూ వర్తిస్తుంది. సగటు కలిసిందని సంబరపడితే చాలదు. రకరకాల కాల ప్రమాణాల్లో పోల్చాలి. అసలు రద్దీకి రూటర్ ముందు ఎంత క్యూ పేరుకుంటుందో కృత్రిమ రద్దీకీ అంతే పేరుకోవాలి. ఎన్ని ప్యాకెట్లు పోతాయో అన్నే పోవాలి.

అసలుదే వాడొచ్చుగా?

ఇంత అవస్థ ఎందుకు, పనిచేస్తున్న కంపెనీలు తమ దగ్గరున్న అసలు డేటా ఇచ్చేస్తే పోలేదా అనిపిస్తుంది. అందులో మనుషులుంటారు! ఎవరు ఎప్పుడు ఏ సైట్ చూశారో, ఎవరితో మాట్లాడారో అన్నీ ఉంటాయి. పేర్లు తీసేసినా ఆనవాళ్లు పోవు. 2006 ఆగస్టులో ఏఓఎల్ సంస్థ సుమారు 6,50,000 మంది చేసిన 2 కోట్ల వెతుకులాటలను పరిశోధకుల కోసం బయటపెట్టింది. పేర్ల స్థానంలో అంకెలు వేసింది. అయినా ఆ వెతుకులాటలనే చదివి ఒక పాత్రికేయ బృందం ఒక పెద్దావిడ ఇంటి తలుపు తట్టగలిగింది. ఏఓఎల్ క్షమాపణ చెప్పింది. అప్పటికే ఆ డేటా ఊరంతా చేరిపోయింది.

అసలు స్వభావం ఉండాలి, అసలు మనుషులు ఉండకూడదు. ఈ రెండింటి మధ్య నడిచే సన్నని దారే కృత్రిమ డేటా. ఈ మధ్య ఆ పని కృత్రిమ మేధకు అప్పగిస్తున్నారు. అసలు నమూనాలు చూపించి అలాంటివి కొత్తవి తయారుచేయమంటున్నారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో, 2022లో ఇలాంటి పద్ధతులు ప్రకటించారు. ఇందులోనూ ఓ మెలిక ఉంది. చూపించిన నమూనాలు తక్కువైతే యంత్రం నేర్చుకోకుండా బట్టీ పడుతుంది. అప్పుడు దాచాలనుకున్న అసలు సంగతులే బయటికొచ్చే ప్రమాదం ఉంది.

ధోనీ అవుటైన క్షణం

2019 జులై 10. మాంచెస్టర్‌లో భారత్-న్యూజిలాండ్ ప్రపంచకప్ సెమీఫైనల్. ధోనీ క్రీజులో ఉన్నాడు. హాట్‌స్టార్‌లో ఒకేసారి చూస్తున్నవాళ్లు 2.53 కోట్లు. ఇలాంటి రోజు కోసమే ఆ సంస్థ 'ప్రాజెక్ట్ హల్క్' పేరుతో కృత్రిమ ప్రేక్షకులను పుట్టించి తన సర్వర్ల మీదికి ముందే తోలింది. ధోనీ రనౌట్ కాగానే జనం వీడియో వదిలేశారు. చూసేవాళ్లు తగ్గారు కాబట్టి భారం తగ్గాలి కదా! తగ్గింది వీడియో మీద. వదిలేసినవాళ్లంతా వెనక్కి మీట నొక్కి మొదటి పేజీకి వచ్చి పడటంతో భారం అక్కడికి మళ్లింది. వచ్చే జనాన్ని ఒక్కటే ఊహిస్తే సరిపోదు, ఒక్కసారిగా లేచి వెళ్లే జనాన్ని కూడా ఊహించాలని ఆ సంస్థ ఇంజినీర్లు తర్వాత సభల్లో వివరించారు.

ఊహకు అందనిది 2020లో వచ్చింది. లాక్‌డౌన్ మొదలయ్యాక దాదాపు ఒక్క వారంలోనే యూరప్‌ నెట్‌వర్క్‌లలో రద్దీ 15 నుంచి 20 శాతం పెరిగిందని పరిశోధకులు తేల్చారు. పెరగడం ఒక్కటే కాదు, రూపం కూడా మారింది. సోమవారాలు ఆదివారాల్లా కనిపించాయి. ఆఫీసుల దగ్గరుండే రద్దీ ఇళ్లకు చేరింది. పాత డేటాను ఎంత నమ్మకంగా అనుకరించినా ఈ రూపం అందులో దొరికేది కాదు. 'ఇంటర్నెట్‌ను ఎలా అనుకరించాలో మనకెందుకు తెలియదు' అన్న అర్థం వచ్చే శీర్షికతో పాక్సన్, ఫ్లాయిడ్ 1997లోనే ఒక పత్రం రాశారు. నిన్నటి లెక్కలను ఒకే ఒక్క రేపటికి కాక, సాధ్యమైనన్ని రేపులకు పరీక్షించమన్నదే అలాంటి పరిశోధనల సారం.

ఇదంతా సినిమా ఆగిపోకుండా చూసుకోవడానికే అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటి రోజున మిగిలే దారులు కొన్నే. ఆ కొన్ని దారుల్లోంచే అంబులెన్సు కోసం చేసే కాల్ వెళ్లాలి. 'అమ్మా, ఎలా ఉన్నారు?' అని హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ అడిగే పిల్లల గొంతులూ రావాలి. సగం దారులు తెగి, మామూలు కన్నా ఎన్నో రెట్ల మంది ఒకేసారి ఫోన్లు అందుకునే ఆ గంట మామూలు రోజుల కొలతల్లో ఎక్కడా ఉండదు. దాన్ని ఎవరో కూర్చుని ముందుగా పుట్టించాలి. సగటు దగ్గర ఆగిపోకుండా, అతి చెడ్డ గంటను తయారుచేసి దాని మీద లైన్లు లెక్కగట్టాలి. ఆ లెక్క ఎంత నిజాయతీగా చేస్తే అవతలి గొంతు వినిపించే అవకాశం అంత పెరుగుతుంది.